వెబ్ అప్లికేషన్‌లో కాలం చెల్లిన సర్దుబాటు కోడ్‌ను తొలగించడం ఎలా?

"పాత బ్రౌజర్ల కోసం, పాత యాప్ కోసం, పాత బిల్లుల కోసం అంటూ రాసిన కోడ్ ఫైళ్ల నిండా ఉంది. తీసేయవచ్చా? తీస్తే ఏమవుతుంది?" శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చిన్న వ్యాపారాలకు సాఫ్ట్‌వేర్ చేసిపెట్టేవారు తరచూ అడిగే ప్రశ్న ఇది. అలా పాతవాటితో కుదిరేందుకు రాసినదే సర్దుబాటు కోడ్. అడిగేవారిలో ఎక్కువమంది ఆ కోడ్ రాసినవారు కారు. రాసినవారు హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోయారు, ప్రాజెక్టు వీరి చేతికి వచ్చింది. అది ఎందుకుందో తెలియదు కాబట్టి ముట్టుకోవాలంటే జంకు.

తీసేయవచ్చు. అయితే "ఇప్పుడు దీన్ని ఎవరు వాడుతారులే" అన్న ఊహ మీద కాదు. ఎవరు వాడుతున్నారో లాగ్ (ఏది ఎప్పుడు నడిచిందో సర్వర్ రాసిపెట్టే నమోదు) చూసి తెలుసుకుని, ఒక్కొక్కటిగా, వెనక్కి తెచ్చుకునే దారి ఉంచుకుని తీయాలి. ఆ పద్ధతే కింద రాస్తున్నాను. ఉదాహరణ కోసం పలాసలోని ఒక జీడిపప్పు టోకు వ్యాపారికి 2013 ప్రాంతంలో పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్‌తో చేసిచ్చిన బిల్లుల అప్లికేషన్‌ను ఊహించుకోండి. అందులో ఆర్డర్లు, బిల్లులు, ఖాతాదారుల చిరునామాలు ఉన్నాయి. తర్వాత దానికి ఒక ఆండ్రాయిడ్ యాప్ కూడా జతయింది. మీది పైథాన్ అయినా, నోడ్ అయినా పద్ధతి ఇదే.

కావలసినవి

- గిట్‌లో (కోడ్ మార్పులన్నిటినీ భద్రపరిచే సాధనం) ఉన్న కోడ్. ఇప్పటివరకు జిప్ ఫైళ్లతో నడుపుతున్నారా? అయితే ఉన్నది ఉన్నట్లుగా గిట్‌లో పెట్టిన తర్వాతే ముందుకు వెళ్లండి.
- డేటాబేస్ బ్యాకప్. బ్యాకప్ ఫైలు ఉండటం చాలదు, దాన్ని వేరే కంప్యూటర్‌లో తిరిగి ఎక్కించి నాలుగు బిల్లులు తెరిచి చూసి ఉండాలి.
- సర్వర్ యాక్సెస్ లాగ్‌లు. చాలా సర్వర్లలో ఇవి కొన్ని వారాలకే చెరిగిపోతాయి. నిల్వ గడువును ఇప్పుడే పెంచండి, లేకపోతే కావలసిన రోజున చేతిలో ఏమీ ఉండదు.
- అసలు సర్వర్‌ను పోలిన పరీక్ష సర్వర్ ఒకటి.
- ఒక విండోస్ 7 కంప్యూటర్, ఒక పాత ఆండ్రాయిడ్ ఫోను. వెతికితే మన ఊళ్లలో ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి.
- ఆ వ్యాపారంలో ఏళ్లుగా ఉన్న గుమస్తా ఫోను నంబరు. ఇది సరదాకు రాయలేదు, ఎందుకో నాలుగో మెట్టులో తెలుస్తుంది.

1. అన్నిటికన్నా ముందు పాలీఫిల్ డాట్ ఐఓ లింకును వెతకండి

పాత బ్రౌజర్లలో లేని సౌకర్యాలను సమకూర్చే జావాస్క్రిప్ట్ ఫైళ్లే పాలీఫిల్‌లు. ఒకప్పుడు చాలామంది వాటిని పాలీఫిల్ డాట్ ఐఓ అనే సైటు నుంచి నేరుగా తెప్పించేవారు. 2024 ఫిబ్రవరిలో ఆ డొమైన్ చేతులు మారింది. జూన్ నాటికి అక్కడి నుంచి వచ్చే ఫైళ్లలో హానికరమైన కోడ్ కలుస్తున్నట్లు బయటపడింది. లక్షకు పైగా సైట్లలో ఆ లింకు ఉందని భద్రతా పరిశోధకులు అప్పట్లో లెక్క చెప్పారు.

మీ హెడర్ ఫైలులో ఆ లింకు ఉంటే లాగ్‌ల కోసం ఆగవద్దు, ఈరోజే తీసేయండి. నిజంగా అవసరమైన పాలీఫిల్ ఏదైనా మిగిలితే దాన్ని మీ సర్వర్‌లోనే ఉంచి అక్కడి నుంచే పంపండి. ఆగి చూడనక్కరలేదని నేను ఇంత గట్టిగా చెప్పే తొలగింపు మరొకటి లేదు.

2. జాబితా రాయండి, ఇంకా ఏదీ చెరపవద్దు

కోడ్ అంతటా వెతకండి. లెగసీ, కంపాట్, ఓల్డ్, టెంప్, డిప్రికేటెడ్, హ్యాక్, పాలీఫిల్, వర్షన్ కంపేర్, యూజర్ ఏజెంట్ అనే మాటలతో మొదలుపెట్టండి. "తాత్కాలికం" అని రాసుకున్న వ్యాఖ్యలను తప్పకుండా చూడండి, అన్నిటికన్నా పాత కోడ్ సాధారణంగా వాటి కిందే ఉంటుంది. దొరికిన ప్రతిదానికీ ఒక వరుస రాయండి: ఏ ఫైలులో ఉంది, ఎవరి కోసం రాశారు, ఎప్పటి నుంచి ఉంది, ఇంకా వాడుకలో ఉందని ఎలా తెలుస్తుంది, తీస్తే ఏది ఆగుతుంది.

మన పలాస అప్లికేషన్‌లో ఇలాంటివి కనబడవచ్చు: ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కోసం రాసిన షరతు వ్యాఖ్యలు (ఆ బ్రౌజర్ మాత్రమే పట్టించుకునే హెచ్‌టీఎంఎల్ వ్యాఖ్యలు), పీహెచ్‌పీ పాత వర్షన్‌ను కనిపెట్టే పరీక్షలు, యాప్ మొదటి వర్షన్ పిలిచే ఏపీఐ (యాప్ సర్వర్‌తో మాట్లాడే దారి), ఎండీ5 అనే పాత పద్ధతిలో దాచిన పాస్‌వర్డ్‌లు, వ్యాట్ కాలపు బిల్లులు, పాత జిల్లాల పేర్లు, యూనికోడ్ కాని అను ఫాంట్‌లో టైపు చేసిన సరుకుల వివరాలు, పాత చిరునామాల నుంచి కొత్త చిరునామాలకు మళ్లింపులు.

ఈ జాబితాను మూడు గంపలుగా విడదీయండి. మొదటిది బయటి యంత్రాల కోసం ఉన్నది, అంటే బ్రౌజర్లు, యాప్‌లు, ఇతర సాఫ్ట్‌వేర్‌లు. రెండోది మీ డేటాబేస్‌లోని పాత సమాచారం కోసం ఉన్నది. మూడోది మీ సర్వర్‌లోని పాత వర్షన్ల కోసం ఉన్నది. మూడో గంప అన్నిటికన్నా తేలిక, ఎందుకంటే సర్వర్ మీ చేతిలోనే ఉంది. సర్వర్‌లో పీహెచ్‌పీ 8 నడుస్తుంటే పీహెచ్‌పీ 5 కోసం రాసిన పరీక్ష ఎన్నటికీ నిజం కాదు. దాని విషయంలో ఎవరినీ అడగనక్కరలేదు.

ఒక్క మినహాయింపు ఉంది. పీహెచ్‌పీలో వచ్చిన విలువల్లోని కొటేషన్ గుర్తుల ముందు దానంతట అదే బ్యాక్‌స్లాష్ చేర్చే మ్యాజిక్ కోట్స్ అనే సదుపాయాన్ని 5.4 వర్షన్‌లో తీసేశారు. దాన్ని పరీక్షించే ఫంక్షన్‌ను 8.0లో పూర్తిగా తొలగించారు. అది పోయాక కొందరు వచ్చిన ప్రతి విలువకూ కొటేషన్ గుర్తుల ముందు బ్యాక్‌స్లాష్ చేర్చే సొంత కోడ్ రాసుకున్నారు. చూడటానికి పనికిరాని పాత కోడ్‌లా ఉంటుంది. ఎస్‌క్యూఎల్ వాక్యాలు ఇంకా విలువలను నేరుగా అతికించి తయారవుతుంటే మాత్రం మీ డేటాబేస్‌కు ఉన్న అరకొర కాపలా అదే. ముందు ఆ వాక్యాలన్నిటినీ ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లకు (విలువలను వాక్యంలో అతికించకుండా విడిగా పంపే పద్ధతికి) మార్చండి, ఆ తర్వాతే ఆ కోడ్ జోలికి వెళ్లండి. వరుస తప్పితే డేటాబేస్ తలుపు తెరిచిపెట్టినట్లే.

3. ఎందుకు పుట్టిందో చూడండి

గిట్ బ్లేమ్ ఆ వరుసను చివరిగా ఎవరు మార్చారో చెబుతుంది. చాలాసార్లు అది ఖాళీలు సర్దిన మార్పు మాత్రమే అయి ఉంటుంది. గిట్ లాగ్‌కు పెద్ద ఎస్ ఆప్షన్ ఇచ్చి ఆ ఫంక్షన్ పేరుతో వెతికితే అది మొదట ఎప్పుడు ప్రవేశించిందో దొరుకుతుంది. ఆ కమిట్ (గిట్‌లో నమోదైన ఒక్కో మార్పు) సందేశం, అదే రోజు మారిన మిగతా ఫైళ్లు చూస్తే కారణం సగం తేలిపోతుంది. తేలకపోతే రాసినవారికి ఒక్క ఫోను చేయండి, పాత కోడ్ గురించి అడిగితే ఎవరూ విసుక్కోరు.

4. లాగ్ పెట్టండి, సీజన్ దాటేవరకు ఆగండి

అందరూ దాటవేసే మెట్టు ఇదే. సర్దుబాటు కోడ్‌లోకి అడుగుపెట్టే మొదటి వరుసలో ఒక లాగ్ వాక్యం రాయండి. అందులో తేదీ, జాబితాలోని వరుస సంఖ్య, ఏ ఖాతాదారు, యాప్ ఏ వర్షన్ అన్నవి చాలు. పాస్‌వర్డ్‌లు, టోకెన్లు, ఫోను నంబర్లు లాగ్‌లోకి వెళ్లకూడదు.

ఇక్కడ మూడు పొరపాట్లు జరుగుతాయి.

మొదటిది, పాత బ్రౌజర్‌ను కనిపెట్టడానికి కొత్త బ్రౌజర్‌లో మాత్రమే పనిచేసే ఫెచ్‌తోనో సెండ్‌బీకన్‌తోనో సర్వర్‌కు కబురు పంపడం. పాత బ్రౌజర్‌లో ఆ వరుసే పనిచేయదు కాబట్టి కబురు రాదు, మీరేమో ఎవరూ లేరనుకుంటారు. దానికి బదులు చిన్న బొమ్మ ఒకటి అడిగినట్లుగా సర్వర్‌కు అభ్యర్థన పంపండి, అది ఎంత పాత బ్రౌజర్‌లోనైనా వెళ్తుంది.

రెండోది, లాగ్‌లో సున్నా చూసి సంబరపడటం. లాగ్ వాక్యమే పనిచేయకపోయినా సున్నాయే వస్తుంది. పెట్టిన వెంటనే మీరే ఒకసారి పాత దారిలో వెళ్లి, మీ నమోదు అందులో పడిందో లేదో చూడండి.

మూడోది, నెల రోజులు చూసి తీర్పు చెప్పడం. వ్యాపారానికి ఏడాది చక్రం ఉంటుంది. పలాస చుట్టుపక్కల ఉద్దానంలో జీడి పిక్కలు చేతికొచ్చేది వేసవిలో. పప్పు అమ్మకాలు దసరా, దీపావళి ముందు జోరందుకుంటాయి. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, జీఎస్టీ వార్షిక రిటర్నుకు మామూలు గడువు డిసెంబరు 31. ఏడాదికి ఒకసారి ఆడిటర్ కోసం తీసే నివేదిక ఏదైనా పాత కోడ్ మీద నడుస్తుంటే, జులైలో చూసిన లాగ్‌లో దాని ఊసే ఉండదు. గుమస్తా కావాలన్నది ఇందుకే. "సంవత్సరంలో ఒక్కసారే తెరిచే పేజీలు ఏవి?" అని ఆయన్ను అడగండి. లాగ్‌లో లేనివి ఆయన నోటి నుంచి వస్తాయి.

నా లెక్క ఇది: బ్రౌజర్లకు సంబంధించిన కోడ్‌కు నెల రోజుల లాగ్ చాలు, యాప్‌లు, ఏపీఐలకు మూడు నెలలు. బిల్లులు, పన్నులు, నివేదికలకైతే ఏడాది చక్రం పూర్తి కావాలి. అంతకాలం ఆగలేకపోతే ఆ పేజీలను తెరిచేవారితో కూర్చుని, పాత తేదీలతో ఆ పనులన్నీ పరీక్ష సర్వర్‌లో ఒకసారి చేయించండి.

లాగ్ చదివేటప్పుడు సెర్చ్ ఇంజిన్ల బాట్‌లను, లోపాల కోసం తిరిగే స్కానర్లను పక్కన పెట్టండి. పాత చిరునామాలను అవి ఏళ్ల తరబడి తడుముతూనే ఉంటాయి. వాటి కోసం కోడ్ ఉంచనక్కరలేదు.

5. బ్రౌజర్ కనీస స్థాయిని నిర్ణయించండి

ప్రపంచ సగటు లెక్కలు చూసి నిర్ణయించవద్దు. మీ యాక్సెస్ లాగ్‌లో ఉన్నవారే మీ ఖాతాదారులు.

కొన్ని విషయాలు ఇప్పటికే తేలిపోయాయి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న సెలవు చెప్పింది. షరతు వ్యాఖ్యలను అయితే 2012లో వచ్చిన పదో వర్షనే పట్టించుకోవడం మానేసింది. వాటిని నిశ్చింతగా తీసేయండి. ప్రామిస్, ఫెచ్, ఆబ్జెక్ట్ అసైన్ వంటివాటి కోసం పెట్టిన పాలీఫిల్‌లూ అంతే.

అసలు చూసుకోవలసింది విండోస్ 7 గురించి. ఆ కంప్యూటర్లలో క్రోమ్ 109 దగ్గర ఆగిపోయింది. టెక్కలిలోనో రాజాంలోనో దుకాణం బల్ల మీద ఉన్న కంప్యూటర్ ఇప్పటికీ అదే కావచ్చు. క్రోమ్ 109కు ఆధునిక జావాస్క్రిప్ట్ దాదాపు అంతా తెలుసు. అందువల్ల పాత పాలీఫిల్‌లు తీసేసినా దానికేమీ కాదు. ప్రమాదం రెండో వైపు నుంచి వస్తుంది. పాత కోడ్ తీసేసిన ఉత్సాహంలో బిల్డ్ గురిని (కోడ్‌ను ఏ బ్రౌజర్ల కోసం తయారుచేయాలన్న అమరికను) "అన్నిటికన్నా కొత్తవి" అని మార్చేస్తారు. అర్రేను క్రమంలో పెట్టి కొత్త ప్రతి ఇచ్చే టూసార్టెడ్ క్రోమ్ 110లో వచ్చింది, ఒక్క మెట్టు తేడాతో 109లో లేదు. సీఎస్ఎస్ నెస్టింగ్ (ఒక నియమం లోపల మరొకటి రాయడం) 112లో వచ్చింది. ఈ రెండింటిలో ఏది వాడినా విండోస్ 7 దుకాణంలో పేజీ విరిగిపోతుంది. బ్రౌజర్స్‌లిస్ట్ ఫైలులో కనీస స్థాయిని క్రోమ్ 109 అని స్పష్టంగా రాయండి. జావాస్క్రిప్ట్‌ను పాత బ్రౌజర్లకు తగ్గట్లు మార్చే బేబెల్, సీఎస్ఎస్‌కు ఆ పని చేసే ఆటోప్రిఫిక్సర్ రెండూ దాన్నే చదువుతాయి. బేబెల్ వాక్య నిర్మాణాన్ని మాత్రమే మారుస్తుందనీ, టూసార్టెడ్ వంటి కొత్త ఫంక్షన్లకు కోర్ జేఎస్ అనే పాలీఫిల్‌ల సంకలనాన్ని విడిగా జత చేయాలనీ గుర్తుంచుకోండి.

ఫోన్ల విషయానికి వస్తే, ఆండ్రాయిడ్ 6లో క్రోమ్ 106తో, ఆండ్రాయిడ్ 7లో 119తో ఆగిపోయింది. లాగ్‌లో ఆండ్రాయిడ్ వర్షన్ చూసి లెక్క వేయవద్దు. ఇటీవలి క్రోమ్ ఏ ఫోనులో ఉన్నా "ఆండ్రాయిడ్ 10" అనే చెబుతుంది. క్రోమ్ వర్షన్ సంఖ్యను నమ్మండి. ఇంకో సంగతి ఉంది. మీ సైటు భద్రతా సర్టిఫికెట్ వాటిని ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థది అయితే, ఆండ్రాయిడ్ 7.1.1కు ముందరి ఫోన్ల కోసం వాళ్లు చేసిన ప్రత్యేక ఏర్పాటు 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. ఫోను సొంత సర్టిఫికెట్ జాబితా మీద ఆధారపడే పాత బ్రౌజర్లు మీ పేజీ దాకా రాకుండా హెచ్చరిక దగ్గరే ఆగిపోతాయి. గుమ్మం దాటి రాలేని అతిథి కోసం లోపల వండి పెట్టిన కోడ్ ఏదైనా ఉంటే అది ఈ జాబితాలో పైకి రావాలి.

సీఎస్ఎస్‌లో వెబ్‌కిట్ అని కనబడినదల్లా పాతది కాదు. గుండ్రని మూలల కోసం పెట్టిన మాజ్, వెబ్‌కిట్ ముందుమాటలను (ఒక్కో రకం బ్రౌజర్ కోసం సీఎస్ఎస్ పేరు ముందు చేర్చే గుర్తులను) తీసేయండి. వాక్యాలను రెండు మూడు వరుసలకు కుదించే వెబ్‌కిట్ లైన్ క్లాంప్ మాత్రం ఇప్పటికీ ఆ పేరుతోనే అన్ని ముఖ్య బ్రౌజర్లలో నడుస్తుంది. దాన్ని తీస్తే సరుకుల వివరణలు డబ్బా దాటి కారిపోతాయి.

6. ముందు ఆపండి, తర్వాతే తీయండి

సర్దుబాటు కోడ్‌ను కాన్ఫిగరేషన్‌లో ఒక స్విచ్ వెనక్కి నెట్టండి. పని జరిగే వేళల్లో గంటసేపు ఆపి చూడండి. ఎవరికైనా ఇబ్బంది కలిగితే ఫోను మోగుతుంది, వెంటనే తిరిగి వేయవచ్చు. మర్నాడు పూటంతా, తర్వాత వారమంతా. రాత్రి రెండు గంటలకు ఆపితే ఎవరికీ ఏమీ తెలియదు, మీకూ ఏమీ తెలియదు.

రోజు ఎంచుకోవడంలో జాగ్రత్త. నెలనెలా రిటర్ను వేసేవారికి జీఎస్టీఆర్ 1 గడువు పదకొండో తేదీ, జీఎస్టీఆర్ 3బీ గడువు ఇరవయ్యో తేదీ. ఆ రెండింటికీ ముందు రెండు మూడు రోజులు బిల్లుల అప్లికేషన్‌ను కదపవద్దు. మార్చి ఆఖరి వారం సంగతి చెప్పనక్కరలేదు. మీ ఖాతాదారులు విజయనగరంవారైతే దసరా తర్వాత వచ్చే మంగళవారాన్ని కూడా వదిలేయండి. సిరిమానోత్సవం రోజున ఫోను మోగలేదంటే అంతా బాగుందని కాదు, ఊరంతా పైడితల్లి అమ్మవారి దగ్గర ఉందని అర్థం.

7. పాత ఏపీఐ, పాత యాప్

ఏపీఐ ముగింపు తేదీని తెలిపేందుకు సర్వర్ సమాధానంతో పాటు వెళ్లే సన్‌సెట్ అనే హెడర్ ఉంది. 2019లో ఆర్ఎఫ్‌సీ 8594 అనే ఇంటర్నెట్ పత్రంగా వచ్చింది. పెట్టండి, తప్పులేదు. కానీ మన దగ్గర ఆ హెడర్ చదివేవారెవరు? లాగ్‌లో కనబడిన ప్రతి ఖాతాదారుకూ వాట్సాప్‌లో ఒక సందేశం, మానకుండా ఒక ఫోను. నిజంగా పనిచేసేది అదే.

యాప్‌ను ప్లే స్టోర్‌లో కాకుండా ఏపీకే ఫైలుగా వాట్సాప్‌లో పంచిపెట్టి ఉంటే అది దానంతట అది అప్‌డేట్ కాదు. పాత వర్షన్ పిలిచే చిరునామాను ఒక్కసారిగా మూసేయకుండా, యాప్ తెర మీద చూపగలిగే సమాధానంలోనే "ఈ యాప్ పాతబడింది, కొత్తది వేసుకోండి" అని తెలుగులో పంపండి. లాగిన్ విఫలమైనప్పుడు సర్వర్ పంపే సందేశాన్ని చాలా యాప్‌లు ఉన్నది ఉన్నట్లు చూపిస్తాయి, ఆ దారిని వాడుకోవచ్చు. అందరూ మారాక 410 సమాధానం ఇవ్వండి. 404 అంటే దొరకలేదని మాత్రమే, 410 అంటే కావాలనే తీసేశారని.

మళ్లింపు పెట్టవలసి వస్తే 301, 308 అనే శాశ్వత మళ్లింపు సంఖ్యల తేడా చూసుకోండి. ఫారం సమాచారంతో వచ్చిన పోస్ట్ అభ్యర్థన 301 దగ్గర గెట్‌గా మారిపోవచ్చు, అప్పుడు ఆర్డర్ ఖాళీగా వస్తుంది. 308లో అలా జరగదు. రెండింటినీ బ్రౌజర్లు చాలాకాలం గుర్తుపెట్టుకుంటాయి కాబట్టి పరీక్ష దశలో తాత్కాలిక మళ్లింపు అయిన 307 వాడండి.

8. డేటా కోసం రాసిన కోడ్: ముందు డేటాను మార్చండి

ఈ గంపలో నియమం ఒక్కటే. డేటా మారకుండా కోడ్ తీయకూడదు. కానీ ఏ డేటాను మార్చాలి, దేన్ని మార్చకూడదు అన్నదగ్గరే బుర్ర పెట్టాలి.

జిల్లాల సంగతి తీసుకోండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగింది. పాలకొండ శ్రీకాకుళం నుంచి, సాలూరు విజయనగరం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది. చాలా అప్లికేషన్లలో డేటాను మార్చకుండా, చూపించేటప్పుడు "శ్రీకాకుళం, పాలకొండ అయితే పార్వతీపురం మన్యం అని చూపు" అనే కోడ్ పెట్టారు. ఖాతాదారుల పట్టికలో జిల్లాను మండలం ఆధారంగా ఒకసారి సరిచేసి ఆ కోడ్‌ను తీసేయండి. 2021 నాటి బిల్లు మీద ఉన్న చిరునామాను మాత్రం మార్చవద్దు. ఆ రోజు పాలకొండ శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది, బిల్లు ఆ రోజుటిది. బిల్లులు చిరునామాను ఖాతాదారుల పట్టిక నుంచి తెచ్చుకుంటుంటే ముందు దాన్ని బిల్లులోకి నకలు చేసి, అప్పుడు పట్టికను సరిచేయండి.

వ్యాట్ కూడా ఇలాంటిదే. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. వ్యాట్ కాలపు పదకొండు అంకెల టిన్ (వ్యాపారి పన్ను నమోదు సంఖ్య) పోయి పదిహేను అక్షరాల జీఎస్టీ సంఖ్య వచ్చింది. ఆ సంఖ్యల మొదట్లో ఉండే ఉమ్మడి రాష్ట్రపు కోడ్ 28 కాగా ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌ది 37. వ్యాట్‌తో కొత్త బిల్లు వేసే కోడ్, టిన్‌ను సరిచూసే కోడ్, వ్యాట్ రేట్ల పట్టికను మార్చే పేజీ, వీటన్నిటినీ తీసేయండి. పాత బిల్లును చూపే కోడ్‌కు బదులు ఆ బిల్లులన్నిటినీ పీడీఎఫ్‌లుగా ముద్రించి భద్రపరచి, అప్లికేషన్‌లో వాటికి లింకు ఇవ్వవచ్చు. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. వ్యాట్ కాలపు వివాదం ఏదైనా నడుస్తుందేమో తెలిసేది ఆడిటర్‌కే, ఆయన్ను అడగకుండా డేటాను మాత్రం చెరపవద్దు.

ఎండీ5 పాస్‌వర్డ్‌ల విషయంలో అందరూ ఒకే పని చేస్తారు: ఖాతాదారు మళ్లీ లాగిన్ అయినప్పుడు కొత్త పద్ధతికి మార్చే కోడ్ పెట్టి ఆగుతారు. కొందరు ఎన్నటికీ లాగిన్ కారు, ఆ కోడ్ ఎన్నటికీ పోదు. దానికి బదులు ఉన్న ఎండీ5 విలువలన్నిటినీ ఒకేసారి బీక్రిప్ట్ అనే బలమైన పద్ధతితో మళ్లీ హ్యాష్ చేయండి (వెనక్కి చదవలేని విలువలుగా మార్చండి). లాగిన్‌లో వచ్చిన పాస్‌వర్డ్‌కు ముందు ఎండీ5, దాని మీద బీక్రిప్ట్ సరిచూస్తే సరిపోతుంది. బలహీనమైన విలువలు ఆ రోజే డేటాబేస్ నుంచి పోతాయి. ఏడాదిపాటు లాగిన్ కానివారికి పాస్‌వర్డ్ మార్చుకోమని చెప్పి మిగిలిన కోడ్‌ను కూడా తీసేయవచ్చు.

అను ఫాంట్‌లో టైపు చేసిన వివరాలు డేటాబేస్‌లో వింత గుర్తులుగా ఉంటాయి. పేజీ తెరిచిన ప్రతిసారీ వాటిని యూనికోడ్‌లోకి మార్చే కోడ్ ఉంటే, ఆ మార్పును ఒకసారి డేటాబేస్‌లోనే చేసేయండి. మార్చిన తర్వాత తెలుగు అక్షరం ఒక్కటీ లేని వరుసలు ఎన్ని మిగిలాయో లెక్కించండి, తెలుగు యూనికోడ్ పరిధి 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు. వత్తులు, కొమ్ములు సరిగా వచ్చాయో లేదో కొన్ని వరుసలను కళ్లతో చదవండి, ఇక్కడ యంత్రాన్ని నమ్మలేం. రెండు చిక్కులున్నాయి. ఐత్వపు గుర్తు ఒకే సంకేతంగానూ ఉండవచ్చు, రెండు సంకేతాల జతగానూ ఉండవచ్చు. చూపుకు ఒకటే, వెతుకులాటలో వేరు. అలాంటి జతలను ఒకే సంకేతంగా కలిపే ఎన్ఎఫ్‌సీ అనే యూనికోడ్ పద్ధతిలోకి మార్చుకుంటే ఇది తీరుతుంది. పొల్లు తర్వాత కనబడకుండా ఉండే జోడింపు నిరోధక అక్షరం రెండోది. ఎన్ఎఫ్‌సీ దాన్ని తీయదు కాబట్టి వెతికేటప్పుడు రెండు వైపులా దాన్ని విడిచిపెట్టేలా రాయాలి.

పాత కాలమ్‌లను తొలగించే వరుస ఇది: కొత్త కాలమ్ నింపడం, రెండింటినీ పోల్చడం, చదవడం కొత్తదాని నుంచి మొదలుపెట్టడం, పాతదానిలో రాయడం ఆపడం, పాత కాలమ్ పేరు మార్చి ఉంచడం, చివరికి తీసేయడం. పేరు మార్చి కొన్ని వారాలు ఉంచితే, దాన్ని రహస్యంగా వాడుతున్న నివేదికలు వెంటనే తప్పు చూపిస్తాయి. అప్పుడు పేరు తిరిగి మార్చడం క్షణాల పని, పోయిన కాలమ్‌ను బ్యాకప్ నుంచి తేవడం అలాంటిది కాదు.

9. తొలగించండి

ఒక కమిట్‌లో ఒక్క తొలగింపు. జాబితాలోని వరుస సంఖ్యను కమిట్ సందేశంలో రాయండి. ముందు పిలిచే చోట్లు తీయండి, తర్వాత ఫంక్షన్, ఆ తర్వాత దాని పరీక్షలు, సీఎస్ఎస్, కాన్ఫిగరేషన్ స్విచ్, కంపోజర్ లేదా ఎన్‌పీఎం జాబితాలోని ప్యాకేజీ. స్విచ్‌ను మరిచిపోవడం సర్వసాధారణం. ఏ పనీ చేయని స్విచ్ తర్వాత వచ్చేవారికి కొత్త చిక్కుముడి.

వ్యాఖ్యగా మార్చి వదిలేయవద్దు, గిట్‌లో అది ఎప్పటికీ ఉంటుంది. అదే కమిట్‌లో ఖాళీలు సర్దడం, పేర్లు మార్చడం చేయవద్దు. వెనక్కి తీసుకోవలసి వస్తే అన్నీ కలిసి వెళ్లిపోతాయి.

10. ఫలితం సరిచూసుకోండి

- తొలగించడానికి ముందు పరీక్ష సర్వర్‌లో వ్యాట్ కాలంవి కొన్ని, జీఎస్టీ వచ్చాకవి కొన్ని, నిన్నటివి కొన్ని బిల్లులు తెరిచి వచ్చిన హెచ్‌టీఎంఎల్‌ను ఫైళ్లుగా దాచుకోండి. తొలగించాక అవే తెరిచి పోల్చండి. తేడా ఉంటే ఒక్క పైసా అయినా కారణం తెలిసేవరకు ఆగండి.
- అసలు సర్వర్‌లో 404, 410, 500 సమాధానాల సంఖ్యను ముందు వారంతో పోల్చండి.
- విండోస్ 7 కంప్యూటర్‌లో లాగిన్ అయి ఒక ఆర్డర్ పెట్టి బిల్లు ముద్రించండి. పేజీ తెరుచుకోవడం ఒక్కటే చూసి వదిలేయవద్దు.
- జావాస్క్రిప్ట్ ఫైలు పరిమాణం తగ్గిందో లేదో చూడండి. పాలీఫిల్‌లు తీసినా తగ్గకపోతే వేరే ప్యాకేజీ ఏదో వాటిని మళ్లీ లోపలికి తెస్తోందన్నమాట.
- కొత్త కోడ్ పెట్టిన తర్వాత కూడా లాగ్‌లో పాత ఏపీఐ పిలుపులు వస్తుంటే సర్వీస్ వర్కర్‌ను అనుమానించండి. అది పాత జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్‌లోనే దాచి నడుపుతుంటుంది. సర్వర్‌లో దాని ఫైలును చెరిపేస్తే బ్రౌజర్‌లోది పోదు. అదే చిరునామాలో, తన దాపును ఖాళీ చేసి తనను తాను రద్దు చేసుకునే చిన్న సర్వీస్ వర్కర్‌ను ఉంచాలి.

తీయకూడనివి

కాగితం మీదికి ఎక్కిన చిరునామాలు. జీడిపప్పు డబ్బాల మీద, దుకాణం గోడ మీద, క్యాలెండర్ల మీద అచ్చయిన క్యూఆర్ కోడ్ పాత చిరునామాకే వెళ్తుంది. దాన్ని కొత్త పేజీకి మళ్లించే రెండు వరుసలను లాగ్‌లో ఆరు నెలలు సున్నా ఉన్నా ఉంచేయండి. వాటికయ్యే ఖర్చు ఏమీ లేదు. పాత డొమైన్ పేరు కూడా అంతే. ఏటా కొద్దిపాటి రుసుము మిగులుతుందని వదిలేస్తే రేపు దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు, డబ్బా మీది మీ గుర్తు వారి పేజీకి దారి చూపుతుంది.

అర్థం కాని కోడ్ కూడా ఇందులోకే వస్తుంది. ఎందుకుందో కమిట్‌లలో లేదు, గుమస్తాకు తెలియదు, లాగ్‌లో మాత్రం రోజూ కనబడుతోంది. దాన్ని వదిలేసి, పైన ఒక వ్యాఖ్యలో మీకు తెలిసినంత, తేదీతో సహా రాసిపెట్టి జాబితాలోని తర్వాతి వరుసకు వెళ్లండి.

వెనక్కి తేవలసి వస్తే

కోడ్ అయితే గిట్ రివర్ట్ చేసి ఆ ఒక్క కమిట్‌ను తిప్పండి. కంగారులో సర్వర్‌లోని ఫైలును నేరుగా సరిచేస్తే తర్వాతి అప్‌డేట్‌తో ఆ మార్పు ఎగిరిపోతుంది. డేటా అయితే మొత్తం బ్యాకప్‌ను అసలు డేటాబేస్ మీద ఎక్కించవద్దు, ఈలోగా పడిన కొత్త బిల్లులన్నీ పోతాయి. బ్యాకప్‌ను పక్కన వేరే పేరుతో ఎక్కించి, కావలసిన కాలమ్‌ను మాత్రం బిల్లు సంఖ్య ఆధారంగా తెచ్చుకోండి. అది అయ్యాక జాబితాలో ఆ వరుస పక్కన ఎవరికి ఏమి ఆగిందో రాసి, లాగ్ వాక్యాన్ని మళ్లీ పెట్టి నాలుగో మెట్టు నుంచి మొదలుపెట్టండి.